ఒక్కరం చేస్తే ఏమవుతుంది? వాతావరణ మార్పుపై మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి శీర్షిక వాతావరణ మార్పు మీద. మీరు అడిగిన సంగతులు వేరువేరైనా ఉత్తరాలన్నిటి అడుగునా ఉన్న దిగులు ఒకటే: చేసి లాభమేమిటని. ఓదార్పు మాటలు మాకు చేతకావు. లెక్కలు, పనులు చెబుతాం.

ప్రశ్న: ఫోను తెరిస్తే వరదలు, వడగాడ్పులు, కరిగిపోతున్న మంచుకొండలు. ఇక అంతా అయిపోయింది, డిగ్రీ చదివి మాత్రం ఏం చేయాలి అనిపిస్తోంది. రాత్రుళ్ళు నిద్ర పట్టడం లేదు. ఇంట్లో చెబితే ఫోను పక్కన పడేయమంటున్నారు. ఆశ పెట్టుకోవడానికి నిజంగా ఏమైనా ఉందా, లేక అవన్నీ ఊరడింపులేనా?
– డిగ్రీ విద్యార్థిని, కర్నూలు

జవాబు: ఇది మీ ఒక్కరి బాధ కాదమ్మా. 2021లో భారత్ సహా 10 దేశాల్లో 16 నుంచి 25 ఏళ్ళ వాళ్ళని 10,000 మందిని అడిగితే, 59 శాతం మంది వాతావరణ మార్పు గురించి విపరీతంగా దిగులు పడుతున్నామన్నారు. ఆ దిగులు రోజువారీ పనుల మీద పడుతోందన్నవాళ్ళు 45 శాతం పైనే. ముంచుకొస్తున్న ముప్పును చూసి భయపడటం జబ్బేమీ కాదు.

‘అంతా అయిపోయింది’ అన్న మాట మాత్రం నిజం కాదు. పారిశ్రామిక యుగానికి ముందుతో పోలిస్తే భూమి ఇప్పటికే సుమారు 1.3 డిగ్రీలు వేడెక్కింది. దేశాలు గీతగా పెట్టుకున్న 1.5 డిగ్రీలు దాటిన మర్నాడు లోకం కూలిపోతుందని ఏ శాస్త్రవేత్తా చెప్పలేదు. 1.6 కంటే 1.7 ఘోరం, 1.7 కంటే 1.8 ఘోరం. ఆపిన ప్రతి పదో వంతు డిగ్రీకీ విలువ ఉంటుంది కాబట్టి ‘ఇక చేసి లాభం లేదు’ అనే ఘడియ ఎప్పటికీ రాదు. పత్రికల్లో ఎక్కువగా రాని సంగతి మరొకటి ఉంది. కార్బన్ డయాక్సైడ్ విడుదల నికరంగా సున్నాకు చేరితే, అంటే వదిలినంతా తిరిగి తీసేయగలిగితే, వేడి పెరగడం కూడా దాదాపు అక్కడే ఆగుతుంది. అప్పటిదాకా పెరిగిన వేడి ఇప్పట్లో దిగదు, సముద్రమట్టం ఇంకా చాలాకాలం పెరుగుతూనే ఉంటుంది. అయినా, పెరుగుదల ఎక్కడ ఆగాలన్నది ఇంకా మనుషుల చేతిలోనే ఉంది.

చేసిన పనికి ఫలితం దక్కిందా అంటే, దక్కింది. వేడిని అదుపులో ఉంచడానికి దేశాలు చేసుకున్న 2015 పారిస్ ఒప్పందానికి ముందు, ఈ శతాబ్దం చివరికి 4 డిగ్రీల వరకూ పెరుగుతుందని అంచనాలుండేవి. ఇప్పుడు అమల్లో ఉన్న విధానాలతో లెక్కేస్తే 3 డిగ్రీలకు కాస్త అటూ ఇటూ వస్తోంది. మూడు డిగ్రీలంటే కూడా భయంకరమే. కానీ తగ్గిన ఆ భాగం ఊరికే తగ్గలేదు. మన దేశంలో సౌర విద్యుత్ సామర్థ్యం 2014లో 3 గిగావాట్ల లోపు. 2025 జనవరిలో 100 గిగావాట్లు దాటింది. మనం వాడే కరెంటులో ఇప్పటికీ దాదాపు ముప్పాతిక వంతు బొగ్గుదే. ఈ రెండు అంకెల్నీ కలిపే గుర్తుపెట్టుకోండి. ఒకదాన్నే పట్టుకుంటే ధీమా అయినా వస్తుంది, నిరాశ అయినా వస్తుంది.

మీది ఎండల ఊరు కాబట్టి ఇంకో ఉదాహరణ. 2010 మేలో అహ్మదాబాద్‌ను వడగాడ్పులు చుట్టుముట్టినప్పుడు మామూలు మే నెలకన్నా 1,344 మంది ఎక్కువగా చనిపోయారు. 2013లో ఆ నగరపాలక సంస్థ వేసవి కార్యాచరణ ప్రణాళిక తెచ్చింది. ముందురోజే హెచ్చరికలు, ఆరోగ్య సిబ్బందికి శిక్షణ, నీడ, తాగునీళ్ళు. అంతకుమించి అందులో గొప్ప సాంకేతికత ఏమీ లేదు. తర్వాతి అధ్యయనాల అంచనా ప్రకారం ఏడాదికి 1,100 మరణాల వరకూ తప్పాయి. వేడి తగ్గలేదు, చావులు తగ్గాయి.

ఇక మీ సంగతి. వార్తలకు సాయంత్రం ఒక ఇరవై నిమిషాలు కేటాయించి, పడుకునే ముందు మాత్రం చూడకండి. తర్వాత ఒక పని ఎంచుకోండి. దానికి మూడు లక్షణాలుండాలి: మూడు నెలల్లో ముగియాలి, ఫలితం ఒక అంకెలో కనబడాలి, మీతో కనీసం ఇద్దరు కలవాలి. ఉదాహరణకు, హాస్టల్ మెస్సులో పారేసే అన్నం. వారం రోజులు పూటపూటా బకెట్‌ను కాటా మీద పెట్టి, ఖాళీ బకెట్ బరువు తీసేసి, నోటీసుబోర్డు మీద కిలోల్లో రాయండి. రెండో వారం నుంచి మొదటి వడ్డన సగమే పెట్టించి, కావాలన్నవాళ్ళకు మారు వడ్డించేలా వార్డెన్‌ను ఒప్పించండి. అదే బోర్డు మీద అదే చోట అంకె మారుతుంటుంది. ఈ పని ఎక్కడ చెడుతుందంటే, పళ్ళేల దగ్గర నిలబడి ‘నువ్వింత పారేశావు’ అని పేరుపెట్టి అడిగినప్పుడు. మొత్తమే తూయండి, మనిషిని తూయకండి.

నిద్ర పట్టకపోవడం, ఆకలి లేకపోవడం రెండు వారాలు దాటితే వాతావరణం సంగతి తర్వాత, ముందు డాక్టరును కలవండి. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కి ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు.

ప్రశ్న: ప్లాస్టిక్ స్ట్రాలు, కవర్లు మానేశాం. పళ్ళు తోముకునేటప్పుడు కుళాయి కట్టేస్తున్నాం. వీటివల్ల నిజంగా ఒరిగేదేమైనా ఉందా? లెక్కకొచ్చే పని ఏదైనా ఉంటే చెప్పండి.
– గృహిణి, కూకట్‌పల్లి

జవాబు: కవర్లు మానేస్తే నాలాలు పూడవు, ఆవుల కడుపులో ప్లాస్టిక్ చేరదు. మంచి పనే, కొనసాగించండి. భూమి వేడితో మాత్రం దానికి పెద్ద సంబంధం లేదు. ఇంట్లో చూడాల్సింది కరెంటు మీటరు, ఏసీ, బండి.

మన గ్రిడ్ నుంచి వచ్చే ఒక్కో యూనిట్ వెనక సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ ఉంటుంది. పాత ఫ్యాను 75 వాట్లు తింటే బీఎల్‌డీసీ అనే కొత్తరకం మోటారున్న ఫ్యాను 30 వాట్ల చుట్టూ తింటుంది. రోజుకు 12 గంటలు తిరిగే ఫ్యాను మారిస్తే నెలకు 16 యూనిట్లు మిగులుతాయి. అన్నీ ఒకేసారి మార్చక్కర్లేదు, హాల్లోదీ పడకగదిలోదీ ముందు మార్చండి. స్టోరు రూములోది అలాగే ఉండనివ్వండి. ఏసీ 20లో కాకుండా 26లో పెట్టి ఫ్యాను వేసుకోండి. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు ఆదా అవుతుంది.

చాలామందికి తెలియనిది ఏసీలోని గ్యాసు సంగతి. పాత ఏసీల్లో ఉండే ఆర్-22 గ్యాసు కిలో గాల్లో కలిస్తే 1,810 కిలోల కార్బన్ డయాక్సైడ్ వదిలినట్టు. ఆర్-410ఏ అయితే 2,088 కిలోలు. కొత్తవాటిలో వచ్చే ఆర్-32 అయితే 675. ఒక టన్నున్నర ఏసీలో సుమారు కిలో గ్యాసు ఉంటుంది. అంటే పాత ఏసీ ఒక్కటి ఖాళీ అయితే, నెలకు 200 యూనిట్లు కాల్చే ఇంటి ఏడాది కరెంటుకు సమానం. అది పది సెకన్లలో పోతుంది. ఇల్లు మారేటప్పుడు మెకానిక్ స్పానరుతో రాగి పైపు నట్టు వదులు చేయగానే బుస్సుమని వచ్చే చప్పుడు అదే.

పోనివ్వకుండా చేయడానికి ‘పంప్ డౌన్’ అనే పద్ధతి ఉంది. మెకానిక్‌లకు తెలుసు, అడిగితేనే చేస్తారు. ఏసీని కూలింగ్‌లో నడుపుతూ, అవుట్‌డోర్ యూనిట్ దగ్గర సన్న పైపు వాల్వును ఎలెన్ కీతో మూసేయాలి. లోపలి గ్యాసంతా కంప్రెసర్ వైపు చేరుతుంది. లావు పైపుకు తగిలించిన గేజి ముల్లు సున్నా దగ్గరకు వస్తూనే ఆ వాల్వునూ మూసి, వెంటనే ఏసీ ఆపేయాలి. గేజి లేకుండా ఊహమీద చేస్తే ముల్లు సున్నా కిందకు పోయి గాలి లోపలికి లాగుతుంది, కంప్రెసర్ పాడవుతుంది. ఈ పని మీరు స్వయంగా చేయకండి. ఆర్-32కు అంటుకునే గుణం ఉంది, కొన్ని ఏసీల్లో వచ్చే ఆర్-290 గ్యాసుకు మరీ ఎక్కువ. మీరు చేయాల్సిందల్లా ఫోన్ చేసినప్పుడే గేజి, వాక్యూమ్ పంపు తెమ్మని చెప్పడం. కొత్త ఇంట్లో బిగించాక పైపుల్లోని గాలిని వాక్యూమ్ పంపుతో తీయాలి. కాస్త గ్యాసు వదిలి దాంతో గాలిని తోసేయడం చాలాచోట్ల అలవాటు. అదీ వాతావరణంలోకే పోతుంది.

ఏటా వేసవికి ‘గ్యాసు తగ్గింది, నింపాలి’ అంటే నమ్మకండి. బండిలో పెట్రోలులా అది ఖర్చయ్యేది కాదు. తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టే. పైపు నట్ల మీద సబ్బు నురగ రాయించండి, బుడగ లేచిన చోట లీకు. నట్టు చుట్టూ నూనె మరక కనిపించినా అదే అనుమానం. లీకు మూసి, వాక్యూమ్ తీసి, యూనిట్ మీది స్టిక్కరులో ఎన్ని గ్రాములని ఉంటే అంతే తూకం వేసి నింపాలి. ఖర్చు ఎక్కువే, ఒకసారితో పోతుంది. మీ అపార్ట్‌మెంట్‌లో పది ఇళ్ళవాళ్ళు కలిసి ఇలా చేసే మెకానిక్‌నే పిలుద్దామని అనుకుంటే, స్ట్రాలు మానడం దీనిముందు లెక్కలోకి కూడా రాదు.

ప్రశ్న: వరి పొలాల వల్ల భూమి వేడెక్కుతోందని ఎవరో చెబితే విన్నాను. విమానాల్లో తిరిగేవాళ్ళని వదిలేసి రైతు మీద పడతారెందుకు? నాకు నాలుగెకరాలుంది, బోరు కింద. వరి మానేయమంటారా?
– రైతు, మిర్యాలగూడ మండలం

జవాబు: మానేయమని అనం. మీ కోపంలో న్యాయం ఉంది. మన దేశంలో తలసరి కార్బన్ డయాక్సైడ్ విడుదల ఏడాదికి సుమారు 2 టన్నులు, అమెరికాలో 14 టన్నుల దాకా. పల్లె రైతుది ఆ రెండు టన్నుల్లో కూడా చిన్న వాటా.

అయినా సంగతి తెలుసుకోవడం మంచిది, ఎందుకంటే ఇందులో మీకూ లాభం ఉంది. మడిలో నీళ్ళు నిలిచి ఉన్నంతకాలం బురదకు గాలి తగలదు. గాలి లేనిచోట బతికే సూక్ష్మజీవులు మీథేన్ తయారుచేస్తాయి. అది చాలావరకు వరి మొక్క కాడల గుండానే పైకి వస్తుంది. ఇరవై ఏళ్ళ లెక్కన చూస్తే మీథేన్ వేడి పుట్టించే శక్తి కార్బన్ డయాక్సైడ్‌కు 80 రెట్లు. కానీ గాల్లో ఉండేది సుమారు 12 ఏళ్ళే. కార్బన్ డయాక్సైడ్ వందల ఏళ్ళు ఉంటుంది. కాబట్టి మీథేన్ ఈరోజు తగ్గిస్తే ఫలితం మన కళ్ళముందే కనిపిస్తుంది. మాకు ఇందులో ఆశ కనిపించేది అందుకే.

చేయాల్సింది మడిని మధ్యమధ్యలో ఆరనివ్వడం. దీనికి కావలసింది ఒక అడుగు పొడవు పీవీసీ పైపు ముక్క, నాలుగు నుంచి ఆరు అంగుళాల వెడల్పు. కింది సగానికి చుట్టూరా, రెండేసి సెంటీమీటర్ల ఎడంతో 5 మిల్లీమీటర్ల బెజ్జాలు వేయండి. గట్టు మీంచి చూస్తే కనిపించేంత దగ్గరలో, మిట్టా పల్లమూ కాని చోట, బెజ్జాలున్న సగం భూమిలోకి దిగేలా పాతండి. లోపలి మట్టి తీసేయండి. మడిలో నీళ్ళున్నప్పుడు పైపు లోపలా బయటా మట్టం ఒకటిగా ఉండాలి. కొన్ని గంటలైనా సమం కాకపోతే బెజ్జాలు బురదతో మూసుకున్నట్టే, తీసి కడిగి మళ్ళీ పాతాలి.

నాట్లు వేశాక మొదటి రెండు వారాలు మామూలుగానే నీళ్ళు నిలపండి, వేళ్ళు పట్టాలి, కలుపు అణగాలి. కలుపు మరీ ఎక్కువుంటే మూడో వారం దాకా ఆగండి. తర్వాత నీళ్ళు ఆపండి. పైపులో నీటిమట్టం నేలకు 15 సెంటీమీటర్లు, అంటే అర అడుగు లోతుకు దిగినప్పుడు మోటారు వేసి 5 సెంటీమీటర్ల నీరు పెట్టండి. పైన మడి ఆరినట్టు కనిపించినా వేళ్ళకు తడి అందుతూనే ఉంటుంది, కంగారుపడొద్దు. వెన్ను తీసి పూత వచ్చే దశకు వారం ముందు నుంచి వారం తర్వాత దాకా మాత్రం ఆరనివ్వకండి. అప్పుడు నీటి ఎద్దడి వస్తే తాలు గింజలు పడతాయి. ఈ పద్ధతిలో నీళ్ళు 30 శాతం వరకు ఆదా అవుతాయి, మీథేన్ దాదాపు సగం వరకు తగ్గుతుంది. సరిగ్గా చేస్తే దిగుబడి తగ్గదు.

ఎక్కడెక్కడ చెడుతుందో చెప్పుకోవాలి. నల్లరేగడిలో లోతుగా నెర్రెలిస్తే పెట్టిన నీరంతా నెర్రెల్లోకే పోతుంది, ఆదా మాట అటుంచి ఖర్చు పెరుగుతుంది. అలాంటి నేలలో 15 దాకా ఆగకుండా 10 సెంటీమీటర్లకే తడి పెట్టండి. చవుడు నేలల్లో ఈ పద్ధతి వద్దు, ఆరితే ఉప్పు పైకి తేలుతుంది. పక్క మడిలో నిండుగా నీళ్ళుంటే గట్టు కింద నుంచి ఊరి మీ మడి ఆరదు. అందుకే ఒకే బోరు కిందివాళ్ళో, గట్టు ఆనుకున్నవాళ్ళో ముగ్గురు నలుగురు కలిసి చేస్తే మేలు. కాలువ కింద వంతులవారీగా నీళ్ళొచ్చే చోట ఈ లెక్క మీ చేతిలో ఉండదు. యూరియా ఆరిన మడిలో చల్లి వెంటనే తడి పెట్టండి. చల్లి రోజుల తరబడి అలా వదిలేస్తే నత్రజని గాల్లో కలుస్తుంది, అందులో కొంత నైట్రస్ ఆక్సైడ్‌గా మారుతుంది, అది మీథేన్‌కన్నా పెద్ద తలనొప్పి. పచ్చిగడ్డి, వరికొయ్యలు దున్నేసి వెంటనే నీళ్ళు నిలిపితే మీథేన్ పెరుగుతుంది. కోతకూ నాట్లకూ మధ్య నెల రోజులు గడువుండేలా కలియదున్నండి. కాల్చడం మాత్రం వద్దు.

మొదటి యాసంగికి నాలుగెకరాల్లో ఒక్క మడిలోనే చేయండి. మోటారు ఎన్ని గంటలు నడిచిందో ఒక పుస్తకంలో రాయండి. పక్క మడితో పోల్చి, కోతప్పుడు రెండింటి బస్తాలు విడిగా తూయండి. కరెంటు ఉచితం కదా, నీళ్ళు మిగిలితే నాకేమిటంటారా? మిగిలింది మీ బోరులోనే ఉంటుంది, మార్చి, ఏప్రిల్‌లో మోటారు గాలి పీల్చకుండా ఉంటే తెలుస్తుంది. కార్బన్ క్రెడిట్ల (తగ్గించిన వాయువులకు లెక్కకట్టి అమ్ముకునే పత్రాలు) డబ్బులిప్పిస్తామని ఎవరైనా కాగితాలతో వస్తే ఒప్పందం ఎన్నేళ్ళు, మధ్యలో మానుకుంటే జరిమానా ఉందా, వచ్చిన డబ్బులో రైతు వాటా ఎంత అని మూడూ తెలుగులో రాసిమ్మనండి. రాసివ్వకపోతే సంతకం పెట్టకండి.

ప్రశ్న: అమ్మానాన్నల్ని చూడటానికి ఏటా విమానంలో వస్తాం. పర్యావరణం గురించి మాట్లాడే అర్హత మాకుందా అనిపిస్తుంది.
– పాఠకుడు, డాలస్

జవాబు: డాలస్ నుంచి హైదరాబాద్ రానూపోనూ ఒక్కో మనిషి వాటాకు 2 టన్నుల పైనే పడుతుంది, అంటే ఇక్కడి సగటు మనిషి ఏడాది మొత్తం విడుదలంత. పెద్దవాళ్ళను చూడటం మానేయమని ఎవరూ అనరు. కుదిరితే రెండు చిన్న ప్రయాణాల బదులు ఒక పొడుగు ప్రయాణం పెట్టుకోండి. మీ చేతిలో ఉన్న పెద్ద పని ఇల్లు. టెక్సస్‌లో చాలాచోట్ల కరెంటు కంపెనీని మీరే ఎంచుకోవచ్చు, ఒప్పందం ముగిసే రోజు చూసుకుని పూర్తి పునరుత్పాదక ప్లానుకు మారండి. అటకలో వేడిని అడ్డుకునే పొర, ఇన్సులేషన్, మందం చూడండి. మీ ప్రాంతానికి ఆర్-49 ఉండాలంటారు (ఇది ఏసీ గ్యాసు పేరు కాదు, ఆ పొర వేడిని ఎంత అడ్డుకుంటుందో చెప్పే కొలత). ముందు గాలి సందులు మూయించి ఆ తర్వాతే ఇన్సులేషన్ పోయించండి. తలకిందులుగా చేస్తే డబ్బు దండగ. అర్హత గురించి ఎక్కువ ఆలోచించకండి, ఆ ఆలోచనవల్ల ఒక్క కిలో తగ్గదు.

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్‌లో 40 ఫ్లాట్లు. మేడమీద సోలార్ పెడదామంటే ఐదుగురే ముందుకొచ్చారు. పర్యావరణం గురించి ఎంత చెప్పినా ఎవరికీ పట్టదు. వీళ్ళని కదిలించడం ఎలా?
– సంఘం కార్యదర్శి, విశాఖపట్నం

జవాబు: పట్టదని మీరనుకుంటున్నారు. మిగతావాళ్ళూ మీ గురించి అలాగే అనుకుంటూ ఉండొచ్చు. 125 దేశాల్లో దాదాపు 1,30,000 మందిని ప్రశ్నించి 2024లో ప్రచురించిన అధ్యయనంలో, వాతావరణం కోసం తమ ఆదాయంలో నెలనెలా ఒక శాతం ఇస్తామన్నవాళ్ళు 69 శాతం. ఇతరుల్లో ఎంతమంది ఇస్తారనుకుంటున్నారని అడిగితే వచ్చిన సగటు జవాబు 43. కాబట్టి మీ తర్వాతి సమావేశంలో ఉపన్యాసం వద్దు. సోలార్ కావాలా వద్దా అని ప్రతి ఇంటికీ చిన్న చీటీ పంపి, వచ్చిన లెక్క గోడమీద అంటించండి. అంకె ఐదు కంటే పెద్దదే ఉంటుందని మా నమ్మకం.

ఇంటింటి మీటరు జోలికి ముందు పోకండి, అక్కడే తగువులు మొదలవుతాయి. లిఫ్టు, నీళ్ళ మోటారు, మెట్లమీది లైట్లు ఉన్న ఉమ్మడి మీటరుతో మొదలుపెట్టండి. గత 12 నెలల బిల్లులు పక్కపక్కన పెట్టండి. నెలకు 1,200 యూనిట్లు వస్తుంటే 10 కిలోవాట్లు చాలు. కిలోవాటుకు రోజుకు సగటున 4 యూనిట్లు. నీడపడని జాగా సుమారు 1,000 చదరపు అడుగులు కావాలి. కేంద్రం తెచ్చిన పీఎం సూర్యఘర్ పథకంలో నివాస సంఘాల ఉమ్మడి అవసరాలకు కిలోవాటుకు 18,000 రూపాయల సబ్సిడీ ఉంది, అంటే 10 కిలోవాట్లకు 1,80,000. సొంత ఇళ్ళకైతే మొదటి రెండు కిలోవాట్లకు 30,000 చొప్పున, మూడోదానికి 18,000, గరిష్ఠంగా 78,000. సబ్సిడీ రావాలంటే ప్యానెళ్ళు దేశీయ సెల్స్‌తో చేసినవై ఉండాలి. కొటేషన్‌లో ఆ మాట రాయించుకోండి.

మీ ఊరికి ప్రత్యేకంగా చూసుకోవాల్సినవి రెండు: గాలి, ఉప్పు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ గాలులు మీకు చెప్పక్కర్లేదు. సిమెంటు దిమ్మెల మీద ఊరికే కూర్చోబెట్టిన ఫ్రేము అలాంటి గాలికి లేచిపోతుంది. శ్లాబుకు యాంకర్ చేసిన, అంటే బోల్టులు దింపి బిగించిన పునాదులు, వేడి జింకులో ముంచి తీసిన ఇనుము, స్టెయిన్‌లెస్ బోల్టులు అడగండి. యాంకర్ వేసిన ప్రతిచోటా వాటర్‌ప్రూఫింగ్ చేయించకపోతే పై అంతస్తువాళ్ళ గదుల్లో కారుతుంది, ఆ ఒక్క ఫ్లాటు మొత్తం పథకానికి శత్రువైపోతుంది. ప్యానెల్‌కు సముద్రపు ఉప్పుగాలి పరీక్ష సర్టిఫికెట్ ఉందో లేదో చూడండి. వాటర్ ట్యాంకు నీడ డిసెంబరులో ఎంత దూరం పడుతుందో కొలవండి. జూన్‌లో చూసి పెట్టేసి, చలికాలంలో యూనిట్లు పడిపోయాయని గోలపెట్టడం మామూలే. ఇంకో మాట ముందే చెప్పండి: కరెంటు పోతే గ్రిడ్‌కు కలిపిన సోలారూ ఆగిపోతుంది. లైన్‌మన్ ప్రాణం కోసం అలా చేస్తారు. ఇది చెప్పకపోతే మొదటి కోతరోజే ‘ఇంత పెట్టి ఏం లాభం’ అంటారు.

బిగించాక ఇన్వర్టరు యాప్‌లో వచ్చే రోజువారీ యూనిట్లు లిఫ్టు పక్కన బోర్డు మీద వాచ్‌మన్‌తో రాయించండి. రెండు వారాలకోసారి ఉదయం ప్యానెళ్ళు చల్లగా ఉన్నప్పుడు మామూలు నీళ్ళతో కడిగించాలి.

ప్రశ్న: మా బడిలో ఏటా మొక్కలు నాటుతాం, ఎండాకాలానికి సగం కూడా మిగలవు. పిల్లలు ‘ఎందుకు సార్ నాటడం’ అంటున్నారు. గదులు రేకుల కప్పు, మార్చిలోనే కూర్చోలేం. ఏం చేయాలి?
– ఉపాధ్యాయుడు, ఆదిలాబాద్ జిల్లా

జవాబు: పిల్లల ప్రశ్న సరైనదే. జులైలో ఫొటో కోసం వంద నాటి ఏప్రిల్‌కు వదిలేస్తే వాళ్ళు నేర్చుకునేది నిరాశే. బడికి సెలవులిచ్చే ఏప్రిల్ చివరి నుంచి జూన్ నడిమి దాకానే మొక్కలు చస్తాయి. అందుకని ముందు సెలవుల్లో ఊళ్ళో ఉండి నీళ్ళు పోసే పిల్లల పేర్లు రాయించండి. పన్నెండు పేర్లు వస్తే పన్నెండు మొక్కలే. గుంత అడుగున్నర పొడవు, వెడల్పు, లోతు. ప్లాస్టిక్ కవరు పూర్తిగా కోసి తీసేయాలి, అడుగున చుట్టలు చుట్టుకున్న వేళ్ళు కత్తిరించాలి. అలాగే పాతితే వేరు అక్కడే తిరిగి రెండో ఏట మొక్క వాలిపోతుంది. వేప, కానుగ, నేరేడు పెట్టండి. ఫిబ్రవరి నుంచి వానలదాకా వారానికి రెండుసార్లు పది లీటర్లు, మొక్క మొదలు చుట్టూ ఎండుటాకుల పరుపు, మేకలకు ముళ్ళకంచె. రెండు వేసవులు దాటితే ఇక మీ అవసరం ఉండదు.

గదుల వేడికి కప్పుమీద తెల్ల పూత వేయండి. తెలంగాణ ప్రభుత్వం 2023లోనే కూల్ రూఫ్ విధానం తెచ్చింది, అధికారుల దగ్గర అడగడానికి అది మీకు ఆధారం. రేకులు తుడిచి, తుప్పు గీకి, బెజ్జాలు మూసి, ఎండ లేని వేళ రెండు కోట్లు వేయాలి. రేకులకు కూల్ రూఫ్ పెయింటే నిలుస్తుంది. శ్లాబు గది ఉంటే సున్నం చాలు: ఒక పాలు సున్నానికి రెండు మూడు పాళ్ళ నీళ్ళు, రాత్రంతా నానబెట్టి వడకట్టి, పొడిపొడిగా రాలకుండా కాస్త జిగురు కలిపి, తడిపిన శ్లాబు మీద పలచగా మూడుసార్లు. వానలకు పోతుంది, ఏటా ఫిబ్రవరిలో మళ్ళీ వేయాలి. సున్నం కళ్ళలో పడితే ప్రమాదం, పిల్లల చేత వేయించకండి. సిమెంటు రేకులు ఆస్‌బెస్టాస్‌వైతే గీకొద్దు, ఆ పొడి ఊపిరితిత్తులకు చేటు. వాటి మీద కాలు పెట్టినా విరుగుతాయి, నిచ్చెన పలకలు వేసుకుని చేసే పనివాణ్ణి పిలవండి.

పిల్లలకు ఇవ్వాల్సిన పని వేరే ఉంది. ఒకేలాంటి రెండు గదుల్లో ఒకదానికే ముందు పూత వేయించండి. రెండింట్లోనూ గోడకు తగలకుండా నాలుగడుగుల ఎత్తున థర్మామీటరు వేలాడదీసి, మధ్యాహ్నం మూడింటికి రోజూ రాయించండి. పూతకు ముందు ఒక వారం, తర్వాత ఒక వారం. 2 నుంచి 5 డిగ్రీల తేడా వస్తుంది. ఆ రెండు గ్రాఫులు పట్టుకుని పిల్లలే ప్రధానోపాధ్యాయుల దగ్గరికి వెళ్ళి మిగతా గదుల సంగతి అడుగుతారు.

ప్రశ్న: మా ఊళ్ళో తుఫాను షెల్టరు ఉంది. ఎప్పుడూ తాళం వేసి ఉంటుంది, తాళంచెవి ఎవరి దగ్గరుందో తెలీదు. డ్వాక్రా సంఘంలో మాట్లాడితే ‘అది మన పనా?’ అన్నారు.
– పాఠకురాలు, అవనిగడ్డ దగ్గర

జవాబు: మీ పనేనమ్మా. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో సుమారు 10,000 మంది పోయారు. 1990 మే తుఫానుకు లక్షల మందిని ముందే తరలించారు, మృతుల సంఖ్య వెయ్యికి లోపు. 1996లో కోనసీమలో మళ్ళీ వెయ్యి మందికి పైగా చనిపోయారు. ఒడిశాలో 1999లో దాదాపు 10,000 మందిని మింగిన స్థాయి తుఫాను 2013లో ఫైలిన్‌గా వస్తే మరణాలు పదుల్లోనే ఆగాయి, అప్పటికే దాదాపు పది లక్షల మందిని కదిలించారు. హెచ్చరిక, కదలిక, తలుపు తెరిచి ఉన్న షెల్టరు మూడూ ఉంటేనే ఆ తేడా. మీ ఊళ్ళో మూడోది లేదు.

సంఘంలో నలుగురు కలిసి ఒక పగలు షెల్టరు దగ్గరికి వెళ్ళి చూడండి: ట్యాంకులోకి నీళ్ళెక్కుతున్నాయా, మరుగుదొడ్ల తలుపులు పడతాయా, లైటు వెలుగుతుందా, ముసలివాళ్ళు ఎక్కే వాలు దారి ఉందా. ఉన్నది ఉన్నట్టు ఒక కాగితం మీద రాసి, గ్రామసభలో చదివి, తీర్మానం పుస్తకంలో ఎక్కించమనండి. తాళంచెవులు రెండు, రెండు వేర్వేరు ఇళ్ళలో ఉండాలని, ఆ పేర్లు షెల్టరు గోడమీదే రాయాలని అడగండి. ఏప్రిల్‌లో ఒకసారి, అక్టోబరు మొదట్లో ఒకసారి తలుపు తీసి చూడాలని కూడా.

అయినా కదలకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. గ్రామస్థాయి కార్యాలయానికి రుసుము లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆపైన 10. ‘షెల్టరు ఎందుకు బాగుచేయలేదు’ అని అడగకండి, దానికి జవాబివ్వక్కర్లేదని తప్పించుకుంటారు. చివరిసారి మరమ్మతు చేసిన తేదీ, ఖర్చుపెట్టిన మొత్తం, తాళంచెవి బాధ్యత ఏ హోదాలో ఉన్నవారిది, ఆ నియామక ఉత్తర్వు నకలు అని అడగండి. దరఖాస్తు ఇచ్చినట్టు రసీదు తీసుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే, ఆ తర్వాత 30 రోజుల్లోగా పై అధికారికి మొదటి అప్పీలు వేయాలి. దరఖాస్తు మీద ఒక్కరి సంతకం చాలు. గ్రామసభకు మాత్రం సంఘం మొత్తం వెళ్ళండి.